మెట్ల కింద గదిలో మూలుగు

మా బిల్డింగులో మెట్ల కింద గది మంచిది కాదని పేరు పడింది. చీకటి పడ్డాక ఎవరు ఆ చెక్కమెట్లు ఎక్కినా లోపలినుంచి మూలుగు వినిపించేది... సన్నగా మొదలై, పెరిగి, ఏడుపులా సాగి — టక్కున ఆగిపోయేది. ఎవరో గొంతు నొక్కేసినట్టు.

ఆ పేరు పడ్డాక ఆ గదిలోకి రాత్రిపూట వెళ్లిన మగవాడు ఒక్కడే. నేను. అయినా జరిగినదాంట్లో సగం విన్నదే చెప్పాలి, ఎందుకంటే ఆ సగంలో నాకు స్పృహ లేదు. మా ఆవిడ చెప్పగా విన్నాను.

నేను కట్టుడు పళ్లు తయారుచేస్తాను. పొద్దంతా గరగరమని పళ్లు అరగదీసేవాడు ఇంటికొచ్చి కాస్త నిశ్శబ్దం కోరుకోవాలి. నేను ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాను. అదీ చెవులు పగిలే మెటల్ రాక్ వాయిద్దామని! నలభై దాటాయి. కూర్చుంటే గిటార్ పొట్టమీద హాయిగా పడుకుంటుంది. అయినా కోరిక కోరికే కదా.

గిటార్ ఒక్కటే ఉంటే చాలదు, దాని మోత వినిపించే స్పీకర్ పెట్టె, ఆంప్ కావాలి. "కొనుక్కోండి. కానీ ఒకటే షరతు," అంది మా ఆవిడ. "ఈ బిల్డింగులో ఏ ఒక్కరు ఒక్క మాటన్నా, ఆ పెట్టె మర్నాడే వెనక్కి."

షాపాయన నెరిసిన జుట్టు ముడేసుకున్న మనిషి. ఆయన చూపించిన మొదటి ఆంప్ మోత నేరుగా నా గుండెల్లో గుద్దింది. అక్కడే మనసిచ్చేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంట్లో మిమ్మల్ని దీని సౌండు పావు వంతు కూడా పెంచనివ్వరు సార్. అంత తక్కువలో ఇది నీరసంగా ఉంటుంది." రెండోది అరచేతిలో పట్టేంత ఉంది, పాడితే దోమే. మూడోది ఇరవై వాట్లది. సౌండు ఎంత తగ్గించినా దాని గరగర తగ్గదు. గెయిన్, అంటే ఆ గరగర, బాగా పెంచితే వాయించనప్పుడు కూడా ఏ ఆంపైనా బుస్సుమంటూనే ఉంటుంది. ఆ బుసని నొక్కిపెట్టే మీట దీనికి ఉంది. తీగ కదిలితే తప్ప నోరు విప్పదు. పైగా హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ మూగబోతుంది.

"అసలు ఇది ఇంట్లో ఉన్నట్టే తెలీదు సార్," అన్నాడు.

ఆ మాటకి పడిపోయాను.

మాది కింది వాటా. పక్కనే మెట్ల కింద ఖాళీ గది. గిటార్, ఆంప్ అక్కడ పెట్టి, ఆంప్‌మీద దుమ్ము పడకుండా తెల్ల దుప్పటి కప్పాను. రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకునే వాయించాను. దాని స్పీకర్ గొంతు ఇంట్లో ఒక్కసారైనా వినలేదు. మాటంటే మాటే!

తర్వాత కొన్నాళ్లకే... మూలుగు మొదలైంది.

మొదట విన్నది పై వాటా లెక్కల మాస్టారు. భారీ మనిషి. మెట్టుమీద కాలు పెట్టగానే అరికాళ్ల కిందనుంచి "ఊఁ..." అని లేచిందట. చెప్పులు అక్కడే వదిలేసి పైకి పరిగెత్తారు. మర్నాడు పక్క వాటా పిన్నిగారు విన్నారు. ఆ రాత్రి మా తలుపు సందులోంచి నేనూ విన్నాను.

అబద్ధమెందుకు, అందరికన్నా ఎక్కువ హడలిపోయింది నేనే. ఆ గదిలో ఒంటరిగా, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నవాణ్ని... వెనకాల ఎవరు నిలబడి విన్నారో! ప్రాక్టీసు మానేశాను. మా ఆవిడ అడిగితే వేళ్లు నొప్పన్నాను.

ఇక లాభం లేదని మాస్టారు అందర్నీ పోగేశారు. మర్నాడు పొద్దున్నే వడ్రంగిని పిలిచి, గది తలుపుకి అడ్డచెక్కలు కొట్టించేద్దామని తీర్మానించారు. నేను కూడా చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించకముందే గుర్తొచ్చింది — నా గిటార్, ఆంప్ లోపలే ఉన్నాయి.

"వెళ్లి తెచ్చుకోండి," అంది మా ఆవిడ ఆ రాత్రి. "రేపట్నుంచి అవి దెయ్యం సొత్తే."

వెళ్లాను.

తలుపు తోశాను... కిర్రుమంది. ఫోను లైటు వేశాను. ఆ వెలుగులో మూలన — తెల్లగా ఏదో. మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టు. ఆ తెలుపులోంచి... ఒక ఎర్రటి కన్ను.

ఆ దుప్పటి కప్పింది నేనే. అది గుర్తొచ్చే స్థితిలో లేను.

"ఎ... ఎవరది?"

వెనక్కి అడుగేయబోతే మెట్ల చెక్కకి నా తల కొట్టుకుంది.

"ఊఁ......"

ఫోను జారిపోయింది. మూలుగు పెరుగుతోంది... ఇంకా పెరుగుతోంది... నా మొహంమీదే ఏడుస్తోంది.

"నేను... నేను గిటార్ కోసం..."

నాకు తెలిసింది అంతవరకే.

చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మా ఆవిడకి మూలన తెల్లని ఆకారం, గుమ్మం దగ్గర పడి ఉన్న మొగుడు కనిపించారు. ముందు ఆకారం సంగతి చూసింది. దుప్పటి లాగేసింది. ఆంప్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. హెడ్‌ఫోన్ ఆంప్‌కి లేదు, మేకుకి వేలాడుతోంది. గిటార్ మెట్ల చెక్కకి ఆనించి ఉంది. తీగలమీద చెయ్యి వేసింది. మూలుగు ఆగింది. చెయ్యి తీసి, పై మెట్టుని చీపురు కర్రతో కొట్టింది. మూలిగింది. ఇంకో రెండుసార్లు సరదాగా కొట్టి, స్విచ్ ఆపి, అప్పుడు నా మొహాన నీళ్లు చల్లింది.

చివరిసారి వాయించిన రోజు భోజనానికి రమ్మంటే హెడ్‌ఫోన్ ఆంప్‌లోంచి పీకేసి, దుప్పటి కప్పి వచ్చేశాను. ఆంప్ ఆపలేదు. బుస నొక్కే మీట ఉంది కదా, ఆంప్ మేలుకునే ఉందని తెలీలేదు. మెట్టుమీద అడుగు పడితే చెక్క అదిరి, తీగలు అదిరి, స్పీకర్ అరిచి, ఆ అరుపుకి తీగలు మళ్లీ అదిరి... అదురు తగ్గగానే ఆ మీట టక్కున గొంతు నొక్కేసేది, పగటి గోలలో ఎవరికీ వినపడేది కాదు. దెయ్యానికి భయపడి ఎవరూ లోపలికి పోలేదు, నాతో సహా. ఇక ఆపేదెవరు?

"అమ్మాయ్! ఏమైందమ్మా?" పైనుంచి మాస్టారు గొంతు. ఒక్క మెట్టు కూడా దిగలేదు. "ఏముంది లోపల?"

పిన్నిగారి తలుపు కూడా ఓరగా తెరుచుకుంది.

షరతు ఒక్క మాటకే. ఇక్కడ బిల్డింగంతా లేచి కూర్చుంది. పెట్టెని రెండు చేతులా పట్టుకున్నాను. ఇన్నేళ్లలో నాకోసం నేను కొనుక్కున్నవి ఆ గిటారూ ఈ పెట్టే. నవ్వుకుంటే నవ్వుకోండి, ఏడుపొచ్చేసింది.

మా ఆవిడ నావంక చూసింది. పెట్టెవంక చూసింది. చీపురు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

"దెయ్యమే మాస్టారూ!" అంది. "మాట్లాడి పంపించేశాను. ఇంక రాదు."

వడ్రంగి రాలేదు. ఇప్పుడు మాస్టారు మెట్లమీద మా ఆవిడకి దారి ఇచ్చి పక్కకి నిలబడతారు. పిన్నిగారు తలనొప్పి వచ్చినా ఆవిడకే చెప్పుకుంటారు. నన్ను మాత్రం ఇద్దరూ 'పాపం' అన్నట్టు చూస్తారు.

రెండ్రోజులాగి మా ఆవిడే గదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. "మీకోసం ఊరందరికీ అబద్ధం చెప్పాను. అసలు ఏం వాయిస్తారో వినిపించండి."

హెడ్‌ఫోన్ ఆమె చెవులకి పెట్టాను. కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా వాయించేశాను. కళ్లు తెరిచేసరికి ఆమె నెమ్మదిగా హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"దెయ్యం కనీసం శ్రుతిలో ఏడ్చేదండీ," అంది.