తుడిచేసిన గొంతు

లెక్కల టీచరమ్మకి కొత్త వస్తువంటే మొదట్నుంచీ అనుమానమే. తమ్ముడు కొత్త లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెడితే, ముట్టుకోకుండా నాలుగువైపులా తిరిగి చూసింది.

"వారం వాడి చూడక్కా, నచ్చకపోతే వెనక్కిచ్చేద్దాం. నీ పాతదాని ఫ్యాను పిండిమరలా మోగుతోంది. ఇదైతే చుట్టుపక్కల చప్పుళ్ళన్నీ తుడిచేసి నీ గొంతొక్కటే అవతలికి పంపిస్తుంది."

"నన్నడక్కుండా తుడవడానికి అదెవర్రా?"

తమ్ముడు నవ్వుతూ మెట్లు దిగిపోయాడు. ఆ మేడమీది వాటాలో ఆమె ఒక్కతే ఉంటోంది. బయట ముసురు పట్టి, మధ్యాహ్నమే గదిలో మసక కమ్మింది. గోడలు తడివాసన కొడుతున్నాయి.

ఆన్‌లైన్ పాఠం వేళయింది. శిష్యురాలు ఒక నర్సు, డ్యూటీ దిగి పై పరీక్షకి చదువుకుంటోంది. సరే చూద్దామని టీచరమ్మ కొత్తదాంట్లోనే మొదలుపెట్టింది. గొంతు గంటలా వినిపిస్తోందని నర్సు మెచ్చుకుంది. ఇంక పాతదాన్ని వదిలించుకోవచ్చని మనసు ఒప్పుకోబోతుండగా నర్సు అడిగింది.

"ఇవాళ పెద్దావిడ లేరా టీచర్?"

"ఏ పెద్దావిడ?"

"మీ అమ్మగారో, అత్తగారో... రోజూ మీ వెనకాల గొణుగుతుంటారుగా. మీకంటే ముందే జవాబు చెప్పేస్తారు. ఒక్కసారీ తప్పు పోలేదు."

వేళాకోళమేమోనని టీచరమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. అక్కడ నవ్వు లేదు. మెల్లగా వెనక్కి తిరిగింది. మంచం, మడతపెట్టిన దుప్పటి, గోడ. ఎవరూ లేరు.

పాతది వినిపించింది. కొత్తది తుడిచేసింది. అంటే ఆ గొంతు ఇప్పుడు కూడా... ఇక్కడే...

బుస కొట్టే పామే నయం. ఎక్కడుందో తెలుస్తుంది.

గబగబా కొత్తది మూసి, టేపు చుట్టిన పాతదాన్ని తెరిచింది. ఫ్యాను గరగరలాడింది. వేడెక్కిన దుమ్మువాసన. నర్సు మళ్ళీ తెర మీదికొచ్చింది.

"నేను మాట్లాడను. నువ్వు విని చెప్పు," అని గుసగుసగా అంది టీచరమ్మ.

నర్సు చెవిలో ఇయర్‌ఫోన్ నొక్కుకుంది. కళ్ళు మూసుకుని వింది.

"ఉన్నారు టీచర్... కానీ లెక్క చెప్పడం లేదు. ఎవరినో కసురుతున్నారు. 'ఊరుకో, ఆ పిల్లతో మాట్లాడకు' అంటున్నారు."

"ఎవర్ని?" అనేసి, టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

నర్సు వింటోంది. ముడిపడ్డ కనుబొమలు ఒక్కసారిగా విడిపోయాయి.

"హమ్మయ్య, మీరేనా టీచర్! హడలగొట్టేశారు." ఇంకాసేపు విని తలూపింది. "అలాగేనండీ. ఆ పాతది పారేసెయ్యండి. రేపట్నుంచి కొత్తదాంట్లోనే చేద్దాం."

టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకునే ఉంది.

తెర మీద నర్సు పుస్తకం ముందుకి లాక్కుని, ఎవరో చెబుతుంటే రాసుకోవడం మొదలుపెట్టింది.