కాకి ముట్టని ముద్ద

అనగనగా అని మొదలుపెడితే మీరు ఆవులిస్తారు గనక, పిల్లలూ, తిన్నగా గొడవలోకే వస్తాను. కరిగిరి రాజ్యంలో కొత్తగా ఒక్క ఉయ్యాలా ఊగడం లేదు. నిండు నెలల తల్లులు నిండు నెలలతోనే ఉండిపోయారు. ఆవు ఈనలేదు, గుడ్డు పగలలేదు. పోయినవాళ్ళకు పెట్టిన పిండాన్ని ఏ కాకీ ముట్టలేదు. "ఈ పీడ వదిలించినవారు ఏం కోరితే అది ఇస్తాను" అని మందారదేవ మహారాజు దండోరా వేయించాడు.

ఇది ఎక్కడ మొదలైందో చెబుతాను. సేనాపతి కరాళుడని ఒకడుండేవాడు, ఎడమ చెవి తునిగినవాడు. చూలుతో ఉన్న ఏనుగు బంగారిని యుద్ధానికి తోలమన్నాడు. మావటి గంగులు, "నా గొంతు కొయ్యండి దొరా, దాన్ని మాత్రం తోలను" అన్నాడు. ఆ దుర్మార్గుడు నిజంగానే గంగులు గొంతు కోశాడు. అదే సాయంత్రం విందులో గారె ముక్క గొంతుకు అడ్డం పడి తానూ చచ్చాడు. "శని వదిలింది" అనుకుంది ఊరు. గంగులు కూతురు చెంగల్వ మాత్రం పళ్ళు పటపట కొరికింది. తన చేతిలో చావవలసినవాడు గారె చేతిలో చావడమా!

పదోరోజున ఏటి ఒడ్డున తండ్రికి పిండం పెట్టింది. కాకి వచ్చి, చుట్టూ తిరిగి, ముట్టకుండా రాతి మీద కూర్చుంది.

"మీ నాన్నకేదో కోరిక మిగిలిపోయిందే అమ్మా. తీరుస్తానని మాటివ్వు" అంది మేనత్త పైడమ్మ.

చెంగల్వకు పగ తప్ప ఇంకేమీ తోచలేదు. "నాన్నా! వాడు ఏ లోకంలో ఉన్నా వచ్చి వాడి అంతు చూస్తాను. నేనొచ్చేదాకా వాణ్ణి కదలనివ్వకు!" అని అరిచింది. కాకి ఎగిరిపోయింది. ముద్ద మాత్రం అలాగే ఉంది. రాజ్యానికి పీడ పట్టింది ఆ రోజే.

ఆమె అప్పుడే అడవిదారి పట్టింది. బంగారి తొండం చాచి కొంగు పట్టుకోబోతే, "నీవల్లే పోయాడు మా నాన్న!" అని విదిలించుకుని వెళ్ళిపోయింది. కళ్ళు మూసుకుపోతే అంతే మరి.

అడవులు దాటి, వాగులు దాటి, కొండకొమ్మున మధ్యముని అనే తాపసి గుహకు చేరింది.

"తాతా, చావుకీ మళ్ళీ పుట్టుకకీ నడుమ ఒక చోటుందట కదా. బతికుండగానే నేనక్కడికి పోవాలి."

"ఎందుకు తల్లీ, మోక్షానికా?"

"మోక్షం నీ దగ్గరే ఉంచుకో. నాకొకడి గొంతు కావాలి."

ముని పకపకా నవ్వాడు. "ఎందుకొచ్చినా దారి ఒకటే. ఊపిరి లోపలికి పోయాక, బయటికి రాకముందు చిన్న సందుంటుంది. అందులో కూర్చోవడం నేర్చుకో. నిద్రకీ మెలకువకీ మధ్య ఇంకో సందుంది. దాని అవతలే నువ్వడిగే చోటు."

కూర్చోవడమే కదా అనుకున్నారా? మీరు కూర్చోండి చూద్దాం, వెంటనే ముక్కు దురద పెడుతుంది! చెంగల్వ మొదటి సందులోకి పోగానే తెల్లపులి ఎదురై, "ఎవరు నువ్వు?" అని గర్జించింది. "పగదాన్ని!" అనగానే ఆమె ఊపిరి ఎగసిపడి, మళ్ళీ గుహలో తేలింది. ఎన్నిసార్లు పోయినా అదే తంతు. ఋతువులు మారాయి. ఒకనాడు ఊపిరి నెమ్మదించి, "గంగులు కూతుర్ని" అంది. పులి పక్కకు తప్పుకుంది.

రెండో సందులో దీర్ఘజిహ్వ అనే రాక్షసి నల్లకత్తి నూరుతూ కనిపించింది. "దీంతో పొడిచావంటే వాడికి మరో పుట్టుకే ఉండదు. కావాలా? నీ తియ్యటి జ్ఞాపకం ఒకటి ఇచ్చి పట్టుకుపో" అంది.

"తీసుకో!" అంది చెంగల్వ. అంతే, చిన్నప్పుడు నాన్న తనను తొలిసారి బంగారి మీద కూర్చోబెట్టి, దాని నోటికి బెల్లం ముద్ద అందించిన ఉదయం ఆమె మనసులోంచి ఊడిపోయింది. ఏం పోయిందో కూడా ఆమెకు తెలియలేదు.

కత్తి పట్టుకుని అవతలికి దూకింది. అక్కడ బూడిదరంగు వెలుగులో పెద్ద వాకిలి, దాని ముందు కిక్కిరిసిన జనం. పుట్టుకకు పోవలసినవాళ్ళంతా పోలేక కూర్చున్నారు. వాకిలికి అడ్డంగా ఒకడు ఇంకొకణ్ణి జుట్టుపట్టి నిలబడ్డాడు. పట్టుబడినవాడు కరాళుడు. పట్టుకున్నవాడు గంగులు!

"వచ్చావా తల్లీ? వీణ్ణి కదలనివ్వొద్దన్నావుగా, పట్టుకునే ఉన్నాను. చేతులు పడిపోతున్నాయే" అన్నాడు గంగులు.

చెంగల్వ గుండె కలుక్కుమంది. "నీ కోరిక అదే కదా నాన్నా?"

"నా కోరికా? పిచ్చితల్లీ! బంగారి కాన్పు నువ్వు దగ్గరుండి చూసుకుంటానని ఒక్క మాట అంటావేమోనని చూశాను. నువ్వేమో పగ అన్నావు. కూతురి మాట కాదనలేకపోయాను."

"నన్నొదిలెయ్యవే తల్లీ" అని కరాళుడు గింజుకున్నాడు. చెంగల్వ కత్తి ఎత్తింది. వాడి గొంతు జానెడు దూరంలో ఉంది. పొడవాలని ఆమె ఒళ్ళంతా కోరుకుంది. కానీ నాన్న చేతులు వణుకుతున్నాయి, అవి వణికేది తన మాటవల్లే.

"నిన్ను క్షమించలేదురా!" అని ఏడుస్తూ కత్తి విసిరేసింది. మరుక్షణం ఆ ఉదయం, ఆ బెల్లం వాసన తిరిగొచ్చాయి. "బంగారిని నేను చూసుకుంటాను నాన్నా. వాణ్ణి వదిలెయ్" అంది. గంగులు పిడికిలి విప్పి, ఆమె తల నిమిరాడు. కరాళుడు వాకిట్లోంచి అవతలికి జారిపడ్డాడు. వెనకే గంగులు, ఆ వెనకే జనమంతా పరుగు తీశారు.

ఆమె గుహలో కళ్ళు తెరిచి, కొండ దిగి ఇల్లు చేరేసరికి ఊళ్ళో ఏ ఇంట చూసినా పసిపిల్లల ఏడుపే. గజశాలలో బంగారి ఇంకా నొప్పులు పడుతోంది. చెంగల్వ దాని తొండం వాటేసుకుని, కన్నీళ్ళతో తప్పు ఒప్పుకుని, పక్కనే కూర్చుంది. తెల్లారేసరికి బంగారి ఈనింది. ఆ గున్న ఎడమ చెవి తునిగి ఉంది. చెంగల్వను చూడగానే తల్లి కాళ్ళ వెనక్కి నక్కి గజగజ వణికింది.

నాన్న అంకుశం ఆమె చేతిలోనే ఉంది. గున్న వంక చూసి, అంకుశాన్ని చూరులో దోపింది. "మా నాన్న ప్రాణమిచ్చి కాపాడిన తల్లి పాలే తాగి బతకరా. నీకదే శిక్ష" అని, బంగారి నోటికి బెల్లం ముద్ద పెట్టింది. ఆ రోజే ఏటి ఒడ్డున తండ్రికి మళ్ళీ పెట్టిన పిండాన్ని కాకి గబగబా తినేసింది.

జరిగిందంతా విని, "ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు. చూలుతో ఉన్న ఏనుగును ఎవరూ యుద్ధానికి తోలకూడదని కోరింది. రాజు సరేనని, ఆమెనే గజశాలకు అధికారిణిని చేశాడు. రోజూ వేకువన ఊపిరి సందులో కాసేపు కూర్చున్నాకే ఆమె పనిలోకి దిగేది. గున్నను మాత్రం కన్నబిడ్డలా పెంచింది. దానికి పేరు కూడా తనే పెట్టింది, గారె అని. ఆ మాత్రం పగ ఉండదా మరి!