ఓడినవాళ్ళ కుర్చీలు

"రివాల్వర్, పెన్ను, గడియారం, కారు తాళాలు. అన్నీ ఈ ట్రేలో పెట్టు."

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న పెద్దావిడ తల కూడా ఎత్తలేదు. ఏజెంట్ ముంగిసకు ఒళ్ళు మండింది. పెన్నులో కెమెరా ఉంది. గడియారంలో ట్రాన్స్‌మీటర్ ఉంది. శత్రుదేశాల్లో కూడా ఎవరూ లాక్కోలేదు వాటిని.

"మేడమ్, నేను సీక్రెట్ సర్వీస్ నుంచి. కోడ్ వర్డ్..."

"కోడ్ వర్డు, గీడ్ వర్డు తర్వాత. సిరా పడితే కాయితం పాడైపోతుంది. ఈ పెన్సిల్ తీసుకో. చేతులు కడుక్కుని రా."

ఆవిడ రేవు కూలీల వాడ సంఘానికి సెక్రటరీ. వాడంతా ఆవిడను పెద్దమ్మ అంటుంది.

పొద్దున బ్రీఫింగ్‌లో చీఫ్ సంగతంతా గబగబా చెప్పేశాడు. "దొంగచాటుగా ఆయుధాలు దింపుకోవడానికి ఓ విదేశీ ముఠాకు ఆ రేవు కావాలి. కంపెనీ ముసుగులో కేసు వేసింది. అక్కడ అసలు వాడ అన్నదే లేదట, జనం నిన్నమొన్న వచ్చి చేరారట! వాడవాళ్ళకున్న ఆధారం ఒక్క పెట్టె. తాతల నాటి మీటింగుల ఫోటోలు, ఉత్తరాలు. మధ్యాహ్నంలోగా అది కోర్టుకు చేరకపోతే వాళ్ళంతా రోడ్డున పడతారు."

"ఫోటోలకు కాపలానా సార్?" ముంగిస మొహం ముడుచుకున్నాడు.

"పాత కాయితాలు బాగుచేసే మన కన్సర్వేషన్ ఎక్స్‌పర్ట్ కూడా వస్తుంది. సహకరించు."

తీరా వస్తే పెట్టె ఇవ్వదు ఈ పెద్దమ్మ. "మొదటినుంచీ వరసగా సరిచూసుకో" అని ముందు పడేసింది. పళ్ళు నూరుకుంటూ తిరగేశాడు. వీధి చివర దీపం వెలగడం లేదని మున్సిపాలిటీకి ఓ కూలీ రాసిన ఉత్తరం. అదే దీపం గురించి ఆయన కొడుకు రాసిన ఉత్తరం. ఆ తర్వాత మనవరాలు రాసింది. సంఘం ఎన్నికల్లో ఆడవాళ్ళకూ ఓటు కావాలని ఒక అర్జీ, దాని వెనకే ఫోటో: చంకలో బిడ్డలతో ఓటుకు బారులు తీరిన తల్లులు. ప్రతి ఎన్నిక తర్వాతా ఒక గ్రూప్ ఫోటో.

"పెద్దమ్మా, కుర్చీల్లో వాళ్ళందరి మొహాలూ ఇలా మాడిపోయాయేంటి?"

"ఓడిపోయారు కదా మరి."

"ఓడినవాళ్ళకు కుర్చీలా!"

"గెలిచినవాడికి పనుంటుంది, వెనకాల నిలబడతాడు. ఓడినవాడు అలిగి వెళ్ళిపోకుండా కూర్చోబెట్టాలి. మొదటి సంఘం నుంచీ అంతే."

అప్పుడొచ్చింది ఎక్స్‌పర్ట్. బూడిదరంగు సూటు, ముత్యాల దుద్దులు, చంకలో తోలు ఫోల్డర్, గది నిండా పెర్‌ఫ్యూమ్. "ముంగిసగారంటే మీరేనా! మీ గురించి ఎంత విన్నానో" అంది. ముంగిస జుట్టు సవరించుకున్నాడు.

మొదటి సంఘం ఫోటో అంచు చిరుగుతోందంటూ కిటికీ దగ్గరి బల్లకు తీసుకెళ్ళింది. కాసేపటికి సీలు వేసిన కవరు పెట్టెలో ఉంచింది. "గాలి తగలకూడదు. కోర్టులోనే తెరవండి." ముంగిస ఎదురెళ్ళి మరీ తలుపు తెరిచాడు. ఆమె ట్రే పక్కనుంచి నవ్వుతూ వెళ్ళిపోయింది.

అతను పెట్టె ఎత్తబోయాడు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పెట్టెలోకెళ్ళేది ఏదైనా సరే, కళ్ళారా చూసి సంతకం పెట్టాలి."

"ఇంకా సంతకమా! టైమైపోతోంది మొర్రో అంటుంటే!"

"పెట్టకపోతే పెట్టె కదలదు."

కోపంతో కవరు చింపాడు. ఫోటోలో మధ్య కుర్చీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాయన కింద 'తొలి అధ్యక్షుడు' అని ఉంది.

"పెద్దమ్మా, గెలిచినాయన కూర్చున్నాడు!"

ఆవిడ లాక్కుని చూసింది. "మా తాత. చచ్చినా కూర్చోడు."

ముంగిసకు అంతా అర్థమైంది. ఆ ఫోటోకు కాపీ లేదు. అసలు ఎలా ఉంటుందో తెలియక ముఠా పాత మొహాలు అతికించి ఒకటి తయారుచేసింది. కోర్టులో వాళ్ళ లాయరే దాన్ని నకిలీ అని నిరూపిస్తాడు. ఇక పెట్టెలోని ఏ కాయితాన్నీ ఎవరూ నమ్మరు. అంటే చీఫ్ పంపిన ఎక్స్‌పర్ట్ అవతలి మనిషి!

ట్రేలోకి చెయ్యి పెట్టాడు. రివాల్వర్ లేదు. కారు తాళాలూ లేవు.

వీధిలోకి పరిగెత్తాడు. అతని కారులో ఆమె. అతని రివాల్వర్ అతనికే గురిపెట్టి ఉంది. పక్క సీటులో ఆమె తోలు ఫోల్డర్.

"వెనక్కి వెళ్ళండి ముంగిసగారూ."

చేతిలో ఉన్నది పెన్సిలొక్కటే. కిటికీలోంచి ఆమె మణికట్టులో కసుక్కున దించాడు. గుండు ఆకాశంలోకి పేలింది. మరో చేత్తో ఫోల్డర్ లాగేసుకున్నాడు. కారు మాత్రం మలుపు తిరిగిపోయింది. ఫోల్డర్‌లో అసలు ఫోటో భద్రంగా ఉంది. మొదటి అధ్యక్షుడు వెనక వరుసలో, చొక్కా చేతులు మడుచుకుని నిలబడి ఉన్నాడు.

పెద్దమ్మతో కలిసి కూలీల లారీ ఎక్కి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా చీఫ్‌ను తిట్టుకుంటూ వెళ్ళాడు. "ఆధారాలేవీ లేవు కనుక..." అని జడ్జి చదవడం మొదలుపెట్టగానే పెద్దమ్మ పెట్టె తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది. జడ్జి మొదటి ఉత్తరం నుంచి చదివాడు. వాడ నిలిచింది.

సాయంత్రం వాడ మధ్య అందరూ ఫోటోకు నిలబడ్డారు. ముంగిస వెనక వరుసలోకి వెళ్ళబోయాడు. పెద్దమ్మ ముందుకు ఒక కుర్చీ లాగింది.

"కూర్చో నాయనా."

"అదేంటి పెద్దమ్మా! గెలిచాం కదా?"

"మేం గెలిచాం. నీకు కారు పోయింది, తుపాకీ పోయింది, ఆ పిల్లా పారిపోయింది. అలగకు, కూర్చో."

పొద్దుటినుంచీ బిగబట్టుకున్న చిరాకంతా పోయి, ముంగిసకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు!" పెద్దమ్మ కసిరింది. "కుర్చీలో కూర్చుని నవ్వితే రేపు ఏ కోర్టూ ఈ ఫోటోను నమ్మదు."