ఒంటి తుమ్ము

తుమ్ము ఒంటిదైతే ఆగాలి, జంటదైతే సాగాలి. ఈ శాసనాన్ని ఏ చక్రవర్తీ రాతిపై చెక్కించలేదు. అయినా దీన్ని ధిక్కరించి గడప దాటిన తెలుగువాడు చరిత్రలో లేడు.

1985 ఫిబ్రవరి. కారు చక్రాలు సగం వరకు మంచులో మునిగిన ఒక ఉదయం, మిషిగన్‌లోని నోవైలో, ఏజెంట్ దామోదర్ ఒక లాబొరేటరీలో ఖాళీ ఫ్రీజర్ ముందు నిలబడి ఉన్నాడు.

"మిగతా సీసాలన్నీ పగలగొట్టి, ఆ ఒక్కటీ పట్టుకుపోయారు," అంది డాక్టర్ నళిని. "ఆరేళ్ళ పని. ఆ స్ట్రెయిన్ మళ్ళీ నాకు దొరకదు."

ఆ సీసాలో ఉన్నది బలహీనపరచి ఎండబెట్టిన హెర్పిస్ అనే సుఖవ్యాధి వైరస్. పొడిగా ముక్కుతో పీల్చే టీకా. అది పది నిమిషాలు ముక్కులో నిలిస్తే చాలు, ముక్కు లోపలి తడిపొర శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది, దేహంలోని మిగతా తడిపొరలకూ ఆ పాఠం అందుతుంది అని ఆమె సిద్ధాంతం. ఆ మిగతా పొరలు ఏవో, ఆ జబ్బు ఎలా అంటుకుంటుందో, రిటైర్డ్ హెడ్మాస్టరైన తండ్రి వెంకట రమణ గారికి ఆమె చెప్పలేదు. జలుబు మందని చెప్పింది.

"జలుబుకి ఇంత రాద్ధాంతం ఎందుకు బాబూ?" అంటూ, కూతురికి తోడుగా వచ్చిన ఆయన చిటికెడు ముక్కుపొడుం కాగితంలో మడిచి దామోదర్ జేబులో పెట్టాడు. "ఇది పీల్చు. బుర్ర తేటపడుతుంది."

"నాన్నా! ఆయన డ్యూటీలో ఉన్నారు."

"డ్యూటీలో ఉన్నవాడికే బుర్ర కావాలమ్మా."

ఎయిర్‌పోర్ట్ దారిలో కారు రేడియో మోగింది. చీఫ్ బార్ట్‌లెట్.

"ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్. సీసా విదేశీ ముఠా చేతికి వెళ్తోంది. గేట్ దగ్గర ఒంటరిగా ప్రయాణిస్తున్నవాళ్ళు ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకరు కొరియర్. ఒక్కరినే ఆపగలవు. తప్పు మనిషిని ఆపితే అసలు మనిషి ఎగిరిపోతుంది."

"గుర్తులు?"

"ఫోన్ ట్యాప్‌లో ఒక్క మాట. ముఠాతో మాట్లాడి రిసీవర్ పెట్టేస్తూ 'అమ్మయ్య' అంది. మా లింగ్విస్టులు పదకొండు భాషలు వెతికారు."

"పన్నెండోది వెతకాల్సింది సార్. రేణు ఎక్కడ?"

రేణు అతని పార్ట్‌నర్. ఆమె నవ్వితే మూడు దేశాల దౌత్యవేత్తలు తమ రహస్యాలు తామే అప్పగించేవారు.

"ఫోన్ ఎత్తడం లేదు. ఒంటరిగా కానివ్వు."

గేట్ దగ్గర బొచ్చు కోటులో ఒక బంగారు జుట్టు సుందరి, పేపర్ చదువుతున్న ఒక నెరిసిన తల ప్రొఫెసరమ్మ, తెల్లని ముసుగులో తల వంచుకున్న ఒక క్రైస్తవ సన్యాసిని. దామోదర్ పెన్నులో కెమెరా ఉంది. బూటు మడమలో టేప్ రికార్డర్ ఉంది. అమెరికా విజ్ఞానశాస్త్రం అతన్ని నఖశిఖ పర్యంతం ఆయుధపాణిని చేసింది, అందులో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. క్యూ కదిలింది. రెండు నిమిషాలు.

అతను కాగితం విప్పి పొడుం పీల్చాడు.

తుమ్మాడు. హాలు దద్దరిల్లింది. వెంటనే రెండోది తరుముకొచ్చింది. అది బయటపడితే సర్వనాశనం! దామోదర్ ముక్కు నులిమి పట్టుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

బొచ్చు కోటు "బ్లెస్ యూ" అని సాగిపోయింది. ప్రొఫెసరమ్మ పేపర్‌లోంచి తలెత్తలేదు. తలుపు లోపల ఒక కాలు పెట్టిన సన్యాసిని మాత్రం ఆ కాలు వెనక్కి తీసుకుంది. దగ్గరున్న కుర్చీలో కూర్చుంది.

"మంచినీళ్ళు తాగుతారా, సిస్టర్ గారూ?" అన్నాడు దామోదర్ తెలుగులో.

ఆమె తలెత్తింది. ఆ కళ్ళు అతనికి బాగా తెలుసు.

"రేణూ!"

"మా నాయనమ్మ అలవాటు చేసి చచ్చింది," అంది రేణు. "ఇంకొక్కటి తుమ్మితే నీ సొమ్మేం పోయింది?"

"నీకోసమే ఆపుకున్నాను."

"రెండువైపులా పనిచేసేదానికి రెండు తుమ్ములైనా దక్కకూడదా?"

జపమాల పెట్టెలో సీసా దొరికింది, లక్క ముద్ర చెదరకుండా. విమానం తలుపు మూసుకుంది. అప్పుడు దామోదర్ రెండో తుమ్ము తుమ్మాడు.

"ఇప్పుడా!" అంటూ రేణు బేడీలకు చేతులు చాచింది.

నళిని సీసాను రెండు చేతులా అందుకుని ఒక్క మాటే అంది. "అమ్మయ్య."

వేసవిలో మొదటి ట్రయల్ జరిగింది. పదిమంది వాలంటీర్లు ఆ పొడి పీల్చారు. నిమిషం తిరక్కుండానే పదిమందీ దాన్ని తుమ్మేశారు, రెండేసి సార్లు.