మేరీమాత గుడ్డు

ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర గురువారం పొద్దున్నే స్టమాటియా గుడ్ల రంగు కోసం పొయ్యి మీద ఉల్లిపొట్టు మరగబెట్టి, చేతులు కడుక్కుని, దేవుడి గూడు ముందు నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. ఖియోస్ దీవిలో ఏ ఇంట్లోనైనా ఈ రోజు మొదట రంగు వేసిన ఎర్రగుడ్డు మేరీమాతదే. ఏడాదంతా అది గూట్లో ఆమె పటం పక్కనే ఉండి ఇంటిని కాపాడుతుంది. స్టమాటియా మటుకు దాన్ని ఓడ మీద ఇంజనీరుగా తిరిగే కొడుకు లింబెరిస్ కోసమే పెడుతుంది. కొత్తది పెట్టేముందు పాతదాన్ని నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టాలి. ఆవిడ పటం పక్కన చెయ్యి పెట్టి చూస్తే పాత గుడ్డు లేదు.

"ఫ్రోసో! గుడ్డేదే?"

కోడలు నోరు తెరిచేలోగా తొమ్మిదేళ్ళ మనవరాలు మిర్తో బాల్కనీలోంచి గాజుగ్లాసు తెచ్చింది. వెనిగర్‌లో పెంకూ లేదు, ఎరుపూ లేదు. ముడుచుకుపోయిన ముద్ద ఒకటి అడుగున ఉంది.

"నేనే తీశా నానమ్మా. ఏడాదైనా కుళ్ళదన్నావుగా, లోపల ఎలా ఉందో చూద్దామని. పగలగొడితే పాపమన్నావు, అందుకే పగలగొట్టలేదు. పెంకు దానంతటదే కరిగింది!"

స్టమాటియా కుర్చీలో కూలబడింది. "నా కొడుకు నడిసముద్రంలో ఉంటే వాడి గుడ్డుని ఊరగాయ పెట్టావుటే!" కోపం కోడలి మీదకి తిరిగింది. "నువ్వే దీన్ని నెత్తికెక్కించుకున్నావు. బాల్కనీ నిండా బూజు రొట్టెలు, దూదిలో చిక్కుళ్ళు, సీసాల్లో సముద్రపు నీళ్ళు. ఇదేమన్నా ఇల్లా, మందులకొట్టా?"

"పిల్ల అడిగింది, చేసి చూసుకోమన్నాను. తప్పేముంది అత్తయ్యా?"

"ఈ గ్లాసులో ఉన్నది తప్పు కాదూ?"

ఫ్రోసో ఆ ఉక్రోషం పిల్ల మీద చూపించింది. "పో, ఆ సీసాలన్నీ పారబోసి రా! ఇక ఎందుకు, ఎలా అన్నావంటే ఊరుకోను!"

మిర్తో సీసాలన్నీ ఖాళీ చేసి, మొలకలు కూడా చెత్తబుట్టలో వేసి వచ్చి పొయ్యి పక్కన నిలబడింది.

గుడ్లకి రంగు వేసేటప్పుడు ఏటా ఆ పిల్ల నోటికి మూత ఉండేది కాదు. పీడ వదిలిందిలే అనుకుంది స్టమాటియా. కానీ రెండో వాయికి ఆ నిశ్శబ్దం ఆవిడకే భరించరానిదైంది.

"రంగులో వెనిగర్ ఎందుకు పోశానో అడగవే?"

"వద్దు నానమ్మా."

"ఏం?"

"నేను అలా అడుగుతాను కాబట్టే గుడ్డు పోయింది. ఇప్పుడు నాన్న ఓడ మునిగిపోతుంది."

పెద్దవాళ్ళిద్దరూ అరుచుకుని కోపం తీర్చుకున్నారు. భయం మాత్రం పిల్లకి మిగిలింది. స్టమాటియా గరిట వదిలేసి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"పిచ్చితల్లీ! పొద్దుట్నుంచీ ఇదా మోస్తున్నావు? మేరీమాతా బిడ్డని కన్నదేనే. గుడ్డు కోసం మీ నాన్నని ముంచుతుందా?"

ఫ్రోసో కూడా వచ్చి కూతురి జుట్టు నిమిరింది. "నేనే తొందరపడ్డాను బంగారం."

కాసేపటికి స్టమాటియా ముక్కు చీదుకుంది. "నిజం చెప్పనా? అది ఎందుకు కుళ్ళదో నాకూ తెలీదు. మా అమ్మ చెప్పింది, నమ్మాను. ఎలా తెలుసుకోవాలో నువ్వే చెప్పు."

మిర్తో అనుమానంగా చూసింది. తర్వాత మెల్లగా అంది. "రెండు గుడ్లు పెట్టాలి. ఒకటి మేరీమాత దగ్గర, ఒకటి మామూలు చోట, బీరువా మీద. వచ్చే ఏడాది రెండూ చూడాలి."

ఫ్రోసో భయంగా అత్తగారి వైపు చూసింది. స్టమాటియా శిలువ గుర్తు వేసుకుని, ఒక గుడ్డు గూట్లో పెట్టి, రెండోది మనవరాలి చేతికిచ్చింది.

మిర్తో కుర్చీ ఎక్కి ఆగింది. "నానమ్మా, రెండూ కుళ్ళకపోతే?"

"మేరీమాత చూపు బీరువా దాకా ఉందన్నమాట."

"రెండూ కుళ్ళిపోతే?"

"ముక్కులు మూసుకుని, ఎందుకో ఇద్దరం కనుక్కుందాం."

కుర్చీ దిగకుండానే పిల్ల ఇంకో ప్రశ్న మొదలుపెట్టింది. స్టమాటియా కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటూ కూర్చుంది.