గోడ దాచుకున్న నవ్వు

లేజర్ కిరణం సున్నపు పెచ్చు మీద మెల్లగా పాకుతోంది. స్పీకర్ మాత్రం మూగనోము పట్టింది. ప్రొఫెసర్ కాత్యాయని ఊపిరి బిగబట్టి వింటోంది.

యంత్రం కిటుకు తేలికే. గోడకు పూసిన సున్నం తడిగా ఉండగా పక్కన ఎవరైనా మాట్లాడితే, ఆ ప్రకంపనలు అందులో సన్నని ముడతలుగా పడి, ఆరాక గట్టిపడిపోతాయి. లేజర్ వాటిని చదువుతుంది. కంప్యూటర్ చప్పుళ్లు ఏరేసి మాటలు మిగులుస్తుంది. ఏది మాటో ఏది చప్పుడో దానికి ముందే నేర్పాలి.

ఆ పెచ్చు పోలండ్ నుంచి హైదరాబాద్ ల్యాబ్‌కి వచ్చింది. నాజీలు యూదుల్ని వెతికి వెతికి చంపుతున్న రోజుల్లో ఒక కుటుంబం నేలమాళిగలో అడ్డుగోడ కట్టుకుని దాక్కుంది. ఆ గోడదే ఈ పెచ్చు. చివరికి దొరికిపోయింది. అంతకుముందే ఎవరో దాటించిన పసిపిల్ల మాల్కా ఒక్కతే బతికింది. ఎనభై దాటిన ఆ ముసలమ్మ ఇప్పుడు వార్సా నుంచి వీడియోలో కళ్లార్పకుండా చూస్తోంది. ఆమెకి తల్లి గొంతు గుర్తులేదు. పోయేలోగా ఒక్కసారి వినాలని ఆశ.

హోలోకాస్ట్ అనే ఆ ఊచకోత చరిత్ర రాసి రాసి కాత్యాయనికి జుట్టు నెరిసింది. సన్మానపు శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. ఎందరి చావుల గురించో రాసింది గాని, ఎవరికీ అమ్మను తెచ్చివ్వలేకపోయింది. ఈసారైనా ఇవ్వాలని మనసు కొట్టుకుంటోంది.

"ఏమీ లేదు మేడమ్," అంది యంత్రం కనిపెట్టిన డాక్టర్ షమీమ్, మొహం చిన్నబుచ్చుకుని. "అంతా చప్పుడే. యంత్రం తీసేసింది."

"ఏం చప్పుడమ్మా?"

"నవ్వులు. అలాంటి చోట ఎవరు నవ్వుతారు మేడమ్? యంత్రం కూడా అలాగే అనుకుంది."

"దానికి అలా ఎవరు నేర్పారు?"

షమీమ్ కంప్యూటర్‌లో ఒక జాబితా తెరిచింది. "మీ పుస్తకాలే. అన్నీ చదివించాం. వాటిలో ఎక్కడా ఎవరూ నవ్వలేదు."

కాత్యాయని తన పుస్తకాలన్నీ గుర్తు చేసుకుంది. నిజమే. ఆకలి రాసింది, వణుకు రాసింది. బతికినవాళ్ల జ్ఞాపకాల్లో నవ్వు కంటపడ్డ ప్రతిసారీ, అంత దుఃఖంలో అది అమర్యాద అనుకుని పక్కన పెట్టేసింది, పాపం.

"ఏదీ తీసెయ్యకుండా వినిపించు."

గరగరమంది. తాపీ గీరిన చప్పుడు. ఒక మగగొంతు కసిరింది. ఆ వెంటనే ఒక ఆడమనిషి నవ్వు ఆపుకోలేక, అక్కడి యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలో ఏదో అంది. కాత్యాయని తెర వైపు తిరిగి మాల్కాకి పోలిష్‌లో చెప్పింది:

"మీ అమ్మండీ. 'మాల్కా, నాన్న మీసాలు వదలవే, తడి గోడ మీద పడతాడు!' అంటోంది."

మాల్కా తెరకి దగ్గరగా వంగింది. తర్వాత పకపకా నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. "మళ్లీ వెయ్యండి, మళ్లీ!" అంది.

"షమీమ్, ముందు నా పుస్తకాలు దాంట్లోంచి తీసెయ్," అంది కాత్యాయని.

"మరి దేనితో నేర్పించాలి మేడమ్?"

కాత్యాయని కళ్లు తుడుచుకుని, మైకుని తెర దగ్గరకు జరిపింది. ముసలమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.