బీరువా అద్దం

"ఇయ్యాల గూడ ఉడకబెడ్తున్నరా సిస్టరమ్మా? ఎవరికోసం?"

పొద్దున్నే కంపౌండర్ గాబ్రియేలు మొదలుపెట్టాడు. స్టవ్ మీద స్టీలు డబ్బాలో గాజు సిరంజి, సూది మరుగుతున్నాయి. మదన్ మోహన్ డాక్టరు దవాఖానలో నర్సుగా చేరిన రోజు నుంచీ ఎలిశిబా చేసే మొదటి పని అదే.

"ఆపద ఎవరికొస్తదో ముందుగాల చెప్పి వస్తదా? బీరువా తియ్యుండ్రి. అడ్రినలిన్ సూదిమందు బయట పెట్టుకుంట."

"డాక్టర్ సాబ్ చిట్టి లేనిదే తియ్య. ఆ మందు సికింద్రాబాద్ నుంచి రావాలె."

"ఊపిరాడనోడు చిట్టి రాసేదాంక ఆగుతడా?"

"మీతోటి ఎవరు గెలుస్తరు!" అని నవ్వి, తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. నవ్వితే అతని ఎడమ బుగ్గ సొట్టపడుతుంది. తనకు ఆ సంగతే తెలియదని ఎలిశిబా రోజుకు నాలుగుసార్లు మనసుకు చెప్పుకునేది.

ఆ రోజు డాక్టరు రోగిని చూడటానికి నిజాంపేట వెళ్లాడు. మధ్యాహ్నం తేనెలమ్మే భూమయ్య అడవి నుంచి తేనెపట్టు తెచ్చాడు. దగ్గు పొడిని తేనెలో రంగరించి ఇవ్వడం అక్కడి పద్ధతి. తేనె ఎంచేది గాబ్రియేలే. పట్టు ఎత్తి చూస్తుంటే, అందులో మిగిలిన రెండు తేనెటీగలు మెడ మీద కుట్టాయి.

"జర సున్నం రాస్తే పోతది," అన్నాడు.

పోలేదు. ఐదు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు. పెదవులు ఉబ్బాయి. గొంతులో ఈల. బల్ల పట్టుకోబోయి బోర్లా పడిపోయాడు.

ఎలిశిబా మందులు దంచే రోకలి అందుకుంది. ఒక్క దెబ్బకు బీరువా అద్దం భళ్లుమంది. ఆంప్యూల్ మెడ విరిచింది, సిరంజిలోకి లాగింది, అతని జబ్బకు సూది వేసింది. ఈల సన్నబడి ఊపిరి కుదురుగా ఆడేదాకా మణికట్టు వదల్లేదు. తన అరచేతిలో నెత్తురు కారుతున్న సంగతి భూమయ్య చెప్పాకే చూసుకుంది.

సాయంత్రం డాక్టరు వచ్చి మండిపడ్డాడు. "చిట్టి లేకుండ సూదేసుడు, బీరువా పలగ్గొట్టుడు! ఇట్లయితే రేపు అందరు డాక్టర్లే. మాఫీ రాసియ్యి. లేకుంటే రేపటి సంది రాకు."

ఇంట్లో రెండేళ్లు కొట్లాడి ఎలిశిబా సాధించుకున్న కొలువు అది.

"అద్దం నేను పలగ్గొట్టిన సార్," మంచం మీద నుంచి గాబ్రియేలు అన్నాడు.

"నువ్వు సోయి లేకుంట పడి ఉన్నవ్ గదయ్యా!"

"ఆయన అబద్ధమాడే అవసరం లేదు," అంది ఎలిశిబా. కట్టు కట్టిన చేత్తోనే కాగితం మీద రాసింది: 'అద్దం పగలగొట్టింది నేనే. మనిషి ప్రాణం పోతుంటే మళ్లీ పగలగొడతాను.'

గాబ్రియేలు లేచి వచ్చి కలం లాక్కున్నాడు. కింద రాశాడు: 'ఈసారి రోకలి నేను అందిస్తాను.' తాళంచెవి తీసి కాగితం మీద పెట్టాడు. "తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యుండ్రి సార్."

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "ఎంత వేసినవ్?"

"అర సి.సి. తర్వాత దద్దుర్లకు ఎవిల్."

"ఊఁ." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గాబ్రియేల్, రేపు గోడకు మేకు కొట్టు. తాళంచెవి ఇగ అక్కడనే ఉండాలె."

మర్నాడు ఎలిశిబా వచ్చేసరికి బయట జల్లు. లోపల స్టవ్ వెలుగుతోంది. సిరంజి అప్పటికే మరుగుతోంది.

"ఎవరికోసం కంపౌండర్ సాబ్?"

"ఎవరికొస్తదో ముందుగాల చెప్పి వస్తదా, ఎలిశిబా?"

'సిస్టరమ్మా' అనే పిలుపు ఎటు పోయిందో! ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ తల తిప్పుకుంది.

"తాళంచెవి నా జేబులనే ఉండె. తీసుకోక పోతివి?"

"బోర్లా పడ్డరు. అంత మనిషిని తిప్పేదాంక మీ ఊపిరి ఆగుతదా?"

సొట్ట పడింది. ఈసారి ఎలిశిబా దాన్ని దర్జాగా చూసింది.

"ఆదివారం ప్రార్థన అయినంక మా అమ్మ మార్తమ్మ మీ ఇంటికొస్తది. నేనే పంపిస్తున్న."

"చిట్టి లేనిదే దర్వాజ తియ్య."

"పలగ్గొడ్త."

"అయితే," అంది ఎలిశిబా, "రోకలి మర్చిపోకుండ్రి."